గరుకు పైను, మెత్త పైను

చూడ్డానికి రెండూ ఒకటే. తెలియనివాడు ఆ కొండ కింద నిలబడి తల ఎత్తి చూస్తే, ఒక్క జాతి చెట్లే బారులు తీరి ఉన్నాయనుకుంటాడు. రెండింటికీ సూదుల్లాంటి ఆకులు, కుచ్చుకి మూడేసి. రెండింటి బెరడూ పలకలు పలకలుగా పగిలి ఉంటుంది. కవలలు ఎదురుపడితే ఎవరు ఎవరో తేల్చుకోలేక "బాగున్నావా" అని గొణిగి పక్కకి తప్పుకుంటామే, అంతటి పోలిక.

తేడా కాయలో ఉంది. పైను కాయ అంటే తినే కాయ కాదు, చెక్క పొలుసులు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుండే ఎండు కాయ. ఒక చెట్టు కాయని గుప్పిట్లో పెట్టి నొక్కితే అరచెయ్యి చురుక్కుమంటుంది, పొలుసు చివరి ముల్లు బయటికి తిరిగి ఉంటుంది మరి. అది గరుకు పైను. రెండో చెట్టు కాయ కొంచెం పెద్దది, ముల్లు లోపలికి వంగి ఉంటుంది, ఎంత నొక్కినా చేతికి ఏమీ కాదు. అది మెత్త పైను. ఆకులోనూ తేడా లేకపోలేదు. గరుకుదానిది పసుపు కలిసిన పచ్చ, మెత్తదానిది బూడిద కలిసిన పచ్చ. ఎండ ఏటవాలుగా పడినప్పుడు కనిపిస్తుంది, మబ్బు పట్టగానే మాయమవుతుంది.

అసలు తేడా వాసనలో. గరుకు పైను బెరడు పగుల్లో ముక్కు పెడితే పెయింటు డబ్బా మూత తీసినట్టుంటుంది. మెత్త పైను పగుల్లో పెడితే మగ్గిన పండు వాసన, కొన్ని చెట్లకయితే ఐస్‌క్రీములో వేసే వెనిల్లా వాసన. ఇంతా చేసి, ఆ కమ్మగా ఉండేదే ప్రమాదం. గరుకు పైను జిగురుని బట్టీలో కాస్తే నిదానంగా మరిగి బుద్ధిగా టర్పెంటైన్ ఇస్తుంది. మెత్త పైను జిగురులో పెట్రోలుకి దగ్గరి చుట్టమొకటి దాగి ఉంటుంది. వేడి సోకడం ఆలస్యం, చల్లార్చే గొట్టం పట్టనంత ఆవిరి ఎగదన్నుకొస్తుంది. ఆ ఆవిరిని నిప్పు అందుకుందా, ఇక బట్టీ ఉండదు.

అందుకని ఆ కొండ మీద జిగురు తీసే కంపెనీలో ఒక ఉద్యోగం ఉండేది. జిగురు గీసేవాళ్లకంటే ముందు కొండెక్కి, ప్రతి చెట్టునీ పోల్చి, గరుకు పైనుకి తెల్లగీత, గాటు పెట్టొద్దని మెత్త పైనుకి ఎర్రగుర్తు వేసి రావాలి. ఇరవై మూడేళ్లుగా ఆ పని చేస్తున్నాయన్ని అందరూ గుర్తులాయన అనేవారు. యాభై రెండేళ్ల మనిషి, సన్నగా పొడుగ్గా ఉంటాడు. చేతికి రెండు డబ్బాలు, రెండు కుంచెలు. చెట్టు దగ్గరికి వెళ్లి, డబ్బాలు కింద పెట్టి, రెండు చేతులూ చాచి చెట్టుని కావలించుకుని, బెరడు పగుల్లోకి ముక్కు దూర్చి, కళ్లు మూసుకుని గుండెల నిండా పీల్చేవాడు. కొత్తగా చేరినవాళ్లు మొదటిసారి చూసి, చూడకూడనిదేదో చూసినట్టు ముఖం తిప్పుకునేవారు.

జిగురు గీసేవాళ్లలో ఒకావిడ ఉండేది, అందరికీ పిన్ని. ఆవిడ చేతిలో వంకర కత్తి, నోట్లో తిన్నని కత్తి. "అన్నయ్యా, ఇక్కడ ఎంతమందిని కావలించుకుంటున్నావో వదినకి తెలుసా?" అనేది.

"తెలుసు. ఒక్కరూ తిరిగి మాట్లాడరని చెబితే ఒప్పుకుంది" అనేవాడాయన, పగుల్లోంచి ముక్కు తీయకుండానే.

ఇరవై మూడేళ్లలో ఒక్క గుర్తూ తప్పలేదు. పై ఆఫీసు నుంచి పెద్దవాళ్లు వచ్చినప్పుడు మేనేజరు ఆయన్ని పిలిపించి, కళ్లకి గంతలు కట్టి, బెరడు ముక్కలు ఒక్కోటీ అందించేవాడు. "గరుకు. మెత్త. గరుకు. ఇది ముసలిది, పడమటి వాలుది." ఒకసారి మేనేజరు చిలిపితనానికి వేరే చెక్క ముక్క అందిస్తే, ఆయన వాసన చూసి, "ఇది చెట్టు కాదండీ, మీ టేబులు కాలు. కిందటి వారం పాలిష్ వేయించినట్టున్నారు" అన్నాడు. ఆ కథని మేనేజరు పది ఊళ్లలో చెప్పుకున్నాడు.

బట్టీ పని బావమరిదిది. గుర్తులాయన భార్యకి తమ్ముడు, ఆమె కన్నా పదేళ్లు చిన్న. తల్లి పోయాక అక్కే ఎత్తుకుని పెంచింది, బావే పనిలో పెట్టించాడు. అతని విద్య చెవిలో ఉంది. బట్టీ గొట్టం చివర చెవి ఆనించి, లోపల జిగురు ఎలా మరుగుతోందో విని, ఒక కట్టె తోయాలా, ఒక కట్టె లాగాలా చెప్పేవాడు. "బావది ముక్కు, బావమరిదిది చెవి. మీ ఇంట్లో ఒక ముఖానికి సరిపడా సామాను ఉందయ్యా" అని మేనేజరు నవ్వేవాడు.

అలాంటి ముక్కు ఒక చలికాలం పడిశం పట్టి, పది రోజుల జ్వరం తిని, జ్వరంతో పాటే వెళ్లిపోయింది.

మొదటి రోజు కొండెక్కి చెట్టుని కావలించుకుని పీలిస్తే ఏమీ లేదు. గోడకి ముక్కు ఆనించినట్టుంది. పడిశం ఇంకా వదల్లేదనుకున్నాడు. నెల గడిచింది. పడిశం వదిలింది, వాసన రాలేదు. రెండో నెలలో ఆయన ఇంట్లో ఉన్న ప్రతి సీసా మూతా, ఎవరూ చూడకుండా, ఒక్కోటి తీసి ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు. కిరోసిన్ నీళ్లే, సెంటు నీళ్లే, నీళ్లూ నీళ్లే.

ఇక్కడే ఆయన ఎవరికో ఒకరికి చెప్పేసి ఉండాల్సింది. చెప్పలేదు. చదువు అంతంతమాత్రం, చెట్టుకి గాటు పెట్టే బలం భుజాల్లో లేదు. ముక్కు తీసేస్తే ఆయన దగ్గర మిగిలేది రెండు పెయింటు డబ్బాలు. అదీ కాక, మనిషికి ఒక్కటే గొప్ప ఉన్నప్పుడు, అది పోయిందని చెప్పుకోవడానికి నోరు రాదు. ఇవాళ వస్తుంది, రేపు వస్తుంది అని తనకి తనే వాయిదాలు ఇచ్చుకున్నాడు.

ఈలోగా చిన్న చిన్న అవమానాలు మొదలయ్యాయి. ఒక ఉదయం పొయ్యి మీద పాలు మాడి, పొగ వీధి చివరికి పోయింది. ఆయన ఆ పాలే గ్లాసులో పోసుకుని తాగి, "బాగున్నాయి" అన్నాడు. భార్య ఆయన ముఖం వంక చూసి, గిన్నె తోమడానికి తీసుకెళ్లింది. ఇంకో రోజు, కిరోసిన్ ఒలికితే తుడిచి మూలన పడేసిన చొక్కా వేసుకుని కొండకి వెళ్లే జీపెక్కాడు. ఒక్కొక్కరే కిటికీలు దించుతుంటే, "ఇంత చలిలో మీకు గాలి పిచ్చేమిటి" అని విసుక్కున్నాడు. ఎవరూ నవ్వలేదు. ముక్కు ఉన్న మనిషికి కిరోసిన్ పూసుకోవడానికి ఏదో కారణం ఉండే ఉంటుందనుకున్నారు. ఆయన పేరు అంత గట్టిది.

కొండ మీద మాత్రం ఆయన కావలించుకోవడం మానలేదు. ఎవరైనా చూస్తుంటే కళ్లు కూడా మూసుకునేవాడు. తర్వాత, ఎవరూ చూడనప్పుడు, చెట్టు కింద కాయ ఏరి గుప్పిట్లో నొక్కేవాడు. గుచ్చితే తెల్లగీత, గుచ్చకపోతే ఎర్రగుర్తు. ఎండ ఉంటే ఆకు రంగు కూడా సరిచూసుకునేవాడు. కింది వాలుల్లో అది బాగానే సాగింది. అక్కడ దాదాపు అన్నీ గరుకు పైనులే.

ఆ ఏడు కంపెనీ పైవాలు చెట్లని ఒక రంపపు మిల్లుకి అమ్మింది. నరికే చెట్లకి నరికేముందు చివరిసారి లోతుగా గాట్లు పెట్టి, ఉన్న జిగురంతా పిండుకోవడం వాళ్ల పద్ధతి. గుర్తులాయన్ని పైవాలుకి పంపారు. అంత ఎత్తులో గరుకూ మెత్తా కలగలిసి పెరుగుతాయి, ఒకదాని కొమ్మల్లోకి ఒకటి కొమ్మలు దూర్చుకుని. వాలు నిటారుగా ఉంటుంది. ఆయన వెళ్లిన నాలుగు రోజులూ మబ్బు దిగి కూర్చుంది, ఆకు రంగు తెలిసే దారి లేదు. మిగిలింది కాయ ఒక్కటే.

వాలు మీద కాయ దొర్లుతుందని ఆయనకి తెలుసు. పై చెట్టుది కింది చెట్టు మొదట్లో ఆగుతుంది. కొత్తగా చేరినవాళ్లకి మొదటి రోజే ఆయన చెప్పే పాఠం అది. "కింద పడ్డదాన్ని నమ్మకు. చెట్టుని అడుగు." ఆ నాలుగు రోజుల్లో రెండు వందల చెట్లకి పైగా గుర్తులు వేశాడు. అందులో నలభై దాకా, చెట్టుని అడిగినా జవాబు వినపడక, కింద పడ్డదాన్ని నమ్మి వేశాడు.

తర్వాతి వారం గాట్లు పెడుతూ పిన్ని కేక వేసింది. "అన్నయ్యా, ఒకసారి ఇటు రా. ఈ చెట్టు పండు వాసన వేస్తోంది."

ఆయన వెళ్లాడు. చుట్టూ అరడజను మంది కత్తులు ఆపి చూస్తున్నారు. తెల్లగీత తను వేసిందే. చెట్టుని కావలించుకుని, ముక్కు దూర్చి, కళ్లు మూసుకున్నాడు. ఏమీ లేదు. ఆ చీకట్లో ఎంతసేపున్నాడో గానీ, పిన్ని "నిద్రపోయావా ఏమిటి" అంది.

"వాన పడింది కదా. తడిసిన బెరడు అలాగే కొడుతుంది" అన్నాడాయన.

"నాకు ఇంత గట్టిగా కొడుతోంటే?"

"నీ ముక్కుకి కొడుతోంది. గీయి."

అందరూ నవ్వారు. పిన్ని కూడా నవ్వి కత్తి ఎత్తింది. ఆ నవ్వు చల్లారకముందే నిజం చెప్పేస్తే సరిపోయేదని ఆయన తర్వాత లక్షసార్లు అనుకున్నాడు.

పీపాలు కొండ దిగాయి. చెట్లని నరికి లారీలకెత్తి పంపేశారు. గుర్తులన్నీ దుంగలతో పాటే పోయాయి, పైవాలులో మొద్దులు, రంపపు పొట్టు మిగిలాయి. పీపాలు షెడ్డులో వరసలో ఉన్నన్నాళ్లూ గుర్తులాయనకి తిండి సరిగా పోలేదు. రెండుసార్లు బావమరిది దగ్గరికి వెళ్లాడు. ఒకసారి, "పైవాలు పీపాలు కాచేటప్పుడు మంట కొంచెం చూసుకోరా" అన్నాడు.

"నాకు మంట సంగతి చెప్తున్నావా బావా? నేనెప్పుడయినా నీకు ముక్కు సంగతి చెప్పానా?" అని నవ్వాడతను. ఆ మాటతో ఈయన చెప్పాలనుకున్నది చెప్పకుండానే వెనక్కి వచ్చేశాడు. రెండోసారి వెళ్లి, కుంచె కడగడానికి కొంచెం టర్పెంటైన్ అడిగి తెచ్చుకున్నాడు.

ఒక మంగళవారం, పొద్దున్న పదిన్నరకి, పైవాలు పీపాలు బట్టీకెక్కాయి. గుర్తులాయన కంపెనీ పెరట్లో ఒక మూల కూర్చుని కుంచెల వెంట్రుకలు సరిచేస్తున్నాడు. బావమరిది గొట్టానికి చెవి ఆనించాడు. లోపల ఎప్పుడూ వినే గుడగుడ లేదు, రేకుల మీద వడగళ్లు పడుతున్నట్టు చప్పుడు. ఇంకొకడయితే పరుగెత్తేవాడు. అతను అందరినీ బయటికి తరిమి, తను మాత్రం పొయ్యి ముందు కూర్చుని మండుతున్న కట్టెల్ని చేతులతో బయటికి లాగడం మొదలుపెట్టాడు. సగం లాగాడు. మిగతా సగం ఉండగానే ఆవిరికి నిప్పంటుకుంది.

ఎవరూ చనిపోలేదు. షెడ్డు కప్పు లేచి పెరట్లో పడింది, పీపాలన్నీ తగలబడ్డాయి, బావమరిది రెండు చేతులూ మోచేతుల దాకా కాలాయి. చెవులు కూడా దిబ్బడేశాయి. సాయంత్రానికి మేనేజరు కాగితం రాసేశాడు. మంట మితిమీరి వేసినందువల్ల ప్రమాదం. బాధ్యత బట్టీ మనిషిది.

మర్నాడు పొద్దున్నే గుర్తులాయన ఇస్త్రీ చొక్కా వేసుకుని మేనేజరు ముందు నిలబడ్డాడు. రాత్రంతా వల్లె వేసుకున్న మాట ఒక్క గుక్కలో చెప్పాడు. "తప్పు వాడిది కాదండీ. జిగురులో మెత్త పైను కలిసింది. గుర్తులు నేనే తప్పు వేశాను. నాకు ఆరు నెలలుగా వాసన తెలియడం లేదు."

మేనేజరు తల ఎత్తి చూశాడు. ఆ చూపులో కోపం లేదు. "కూర్చో పెద్దాయనా. భార్య తమ్ముడు, చేత్తో పెంచినవాడు. నీ స్థానంలో ఉంటే నేనూ ఇలాగే ఏదో ఒకటి చెప్పేవాణ్ని."

"ఏదో ఒకటి కాదండీ, నిజం."

"నా టేబులు కాలు పట్టుకున్న ముక్కుకి వాసన తెలియదంటే ఎవరు నమ్ముతారు?"

ఆయన బతిమాలితే మేనేజరు బెరడు ముక్కలు తెప్పించాడు. గంతలు కట్టి అందించాడు. గుర్తులాయన ఒక్కోటీ ముక్కు దగ్గర పెట్టుకుని, "తెలియదు. తెలియదు. ఇదీ తెలియదు" అన్నాడు.

"అవును, తెలియదనే అంటావు" అన్నాడు మేనేజరు, జాలిగా.

తెలిసినవాడు తెలుసని నిరూపించుకోవచ్చు. తెలియనివాడు తెలియదని ఎలా నిరూపించుకోవాలో ఆ గదిలో ఇద్దరికీ తోచలేదు. చివరికి మేనేజరుకే ఒక ఉపాయం తట్టింది. నేల కడగడానికి వాడే అమ్మోనియా సీసా తెప్పించి, మూత తీసి, ఉన్నట్టుండి ఆయన ముక్కు కింద పెట్టాడు. గుర్తులాయన తల వెనక్కి విదిలించాడు. గంతల కింద నుంచి నీళ్లు ధారగా కారాయి.

"చూశావా?"

"అది వాసన కాదండీ, మంట. ముక్కు మండింది, అంతే. ముక్కులో కారం పోసినా మండుతుంది కదా."

"పెద్దాయనా, నటన నీకు చేతకాదు. వదిలెయ్యి" అని మేనేజరు సీసా మూత బిగించాడు.

ఆయన ఊరుకోలేదు. జీతం నష్టపోయి పట్నం వెళ్లి డాక్టరుకి చూపించుకున్నాడు. డాక్టరు రెండు రంధ్రాల్లోనూ టార్చి వేసి చూసి, చీటీ మీద "ముక్కు శుభ్రంగా ఉంది" అని రాసిచ్చాడు. ఆ చీటీ ఎవరికైనా చూపిస్తే ఇంకా నష్టం. దాన్ని మడిచి జేబులో పెట్టుకుని, వచ్చిన దారినే పడ్డాడు.

చివరికి పిన్నిని తీసుకెళ్లాడు. "చెప్పు పిన్నీ, ఆ రోజు పండు వాసన వచ్చిందని నువ్వు అన్నావా లేదా?"

"అన్నాను" అంది పిన్ని.

"మరి పెద్దాయన ఏమన్నాడు?" అన్నాడు మేనేజరు.

"వాన వల్ల అన్నాడు."

"నువ్వేమనుకున్నావు?"

పిన్ని చేతికంటిన జిగురు గోటితో గీక్కుంది. "అన్నయ్య వాన అంటే వానే కదండీ. నాదేం ముక్కు. ముప్ఫయ్యేళ్లుగా పొగాకు నములుతున్నాను." బయటికి వచ్చాక ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుంది. "ఎంత మంచివాడివి అన్నయ్యా, బావమరిది కోసం నీ పేరునే పోగొట్టుకోబోయావు" అంది. ఆ మాట ఆవిడ మనస్ఫూర్తిగా అంది. ఆ వారంలో ఆ వీధి వీధంతా ఆయన్ని ముందెప్పుడూ లేనంత గౌరవంగా చూడటం మొదలుపెట్టింది.

పిన్నిని తీసుకెళ్లిన రోజు మధ్యాహ్నం ఆయన ఇంటికొచ్చి గుమ్మంలోనే కూలబడ్డాడు. భార్య గదిలో బట్టలు మడత పెడుతోంది.

"ఎవరూ నమ్మడం లేదే. నాకు నిజంగానే వాసన తెలియదు" అన్నాడు.

"తెలుసు" అందామె.

"ఏం తెలుసు?"

"మాడిన పాలు తాగి బాగున్నాయన్నారే, ఆ రోజే తెలుసు. కిరోసిన్ చొక్కా నేనే కావాలని అక్కడ పెట్టాను, చూద్దామని. మీరు వేసుకుని వెళ్లిపోయారు."

ఆయన తల తిప్పి చూశాడు. ఆమె మడత పెట్టిన చొక్కానే విప్పి మళ్లీ మడత పెడుతోంది.

"మరి అడగలేదే?"

"మీరు దాచుకుంటున్నారు. అడిగితే మీ ముఖం ఎలా అవుతుందో అని ఊరుకున్నాను. రోజూ చెట్టుని కావలించుకుని వస్తున్నారు కదా, ఏదో ఒక దారి చూసుకునే ఉంటారనుకున్నాను." మడత పెట్టడం ఆపింది. "వాడి చేతులు నేను చూశానండి. కట్టు విప్పినప్పుడు చూశాను."

మర్నాడు ఆమె కూడా మేనేజరు దగ్గరికి వెళ్లింది. మేనేజరు ఆమెకి కుర్చీ వేయించి, మంచినీళ్లు ఇప్పించి, మొత్తం విన్నాడు. తోడబుట్టిన ప్రేమ ఎంత గొప్పదో ఆమెకే వివరించి పంపించాడు.

బావమరిది దగ్గర అసలు మాటే సాగలేదు. ఆసుపత్రి మంచం మీద రెండు చేతులూ దిండ్ల మీద పెట్టుకుని, అరిచి చెబితే గానీ వినపడని చెవులతో అతను పడుకుని ఉన్నాడు. గుర్తులాయన వంగి, చెవి దగ్గర నోరు పెట్టి, "తప్పు నాదిరా. గుర్తులు నావే తప్పు" అన్నాడు. వార్డులో ఉన్న ఎనిమిది మంచాలూ విన్నాయి.

"ఆపు బావా. మేనేజరు చెప్పాడు, నువ్వు నా కోసం ఏమేం చేస్తున్నావో. మంట నేనే ఎక్కువ వేసి ఉంటాను. చప్పుడు వినేసరికే ఆలస్యమైంది."

"నువ్వు వేయలేదురా."

"నా మీద జాలి పడకు. అందరూ పడుతున్నారు. నువ్వొక్కడివీ పడకు."

అతని ఉద్యోగం పోయింది. మంట మితిమీరి వేసేవాడని కాగితం మీద పడ్డవాణ్ని ఇంకే బట్టీ దగ్గరికీ రానివ్వరు. పైగా చేతులు ఎంతవరకు మడుస్తాయో డాక్టర్లు చెప్పలేదు. నెల తిరిగేసరికి కంపెనీ ఇల్లు ఖాళీ చేయమంది. భార్యనీ పిల్లనీ ముందే ఆమె పుట్టింటికి పంపి, చివర్న అతను బయలుదేరాడు. అప్పటికి చెవులు మటుకు కాస్త తెరుచుకున్నాయి. గుర్తులాయన పెట్టె మోసుకుంటూ బస్టాండు దాకా వచ్చాడు. అక్క రాలేదు. గుమ్మంలో నిలబడి, తమ్ముడి చొక్కా బొత్తాలు పెట్టి, లోపలికి వెళ్లిపోయింది.

బస్సు ఆలస్యం. ఎండ మాడ్చేస్తోంది. రేకుల నీడ కింద బెంచీ నిండా జనం ఉన్నారు. వీళ్లిద్దరూ వెళ్లి కూర్చోగానే, ఒక్కొక్కరే లేచి అవతలి ఎండలోకి వెళ్లారు. ఒకావిడ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. పసిపిల్లాడు ఓకరిస్తే తల్లి భుజాన వేసుకుని దూరం జరిగింది. బావమరిది తల వంచుకున్నాడు. అతని చేతులకి ఆసుపత్రి వాళ్లు పూసే నల్ల మందు, ఆ ఎండకి, కుళ్లిన చేపల బుట్టలా ఉంది. అతనికే భరించడం కష్టంగా ఉంది.

గుర్తులాయన అదేమీ గమనించలేదు. చోటు దొరికిందని హాయిగా జరిగి కూర్చున్నాడు. భార్య కట్టిచ్చిన చక్కెర రొట్టె పొట్లం విప్పి, ఒక ముక్క తుంచి బావమరిది నోటికి అందించి, ఇంకో ముక్క తను నోట్లో వేసుకున్నాడు. నములుతూనే, "కట్టు జారిందిరా, ఉండు" అని అతని కుడిచేతి మీదకి వంగాడు. ముడి విప్పి, మందుతో తడిసిన గుడ్డ పొర పొరగా ముఖానికి జానెడు దూరంలో పెట్టుకుని విప్పదీసి, మళ్లీ నెమ్మదిగా చుట్టడం మొదలుపెట్టాడు. చుడుతూ రొట్టె నములుతున్నాడు. మధ్యలో ఒకసారి వేళ్లకి అంటిన చక్కెర నాక్కున్నాడు.

బావమరిది ఆయన ముఖం వంకే చూస్తున్నాడు. మూడుసార్లు చెయ్యి చుట్టడం పూర్తయ్యేదాకా చూశాడు.

"బావా."

"ఊఁ."

"ఎప్పటి నుంచి?"

గుర్తులాయన తల ఎత్తాడు. బావమరిది కళ్లు చూడగానే ఆయనకి అర్థమైంది, నెల రోజులుగా చేతులు జోడించి అడిగినా ఎవరూ ఇవ్వనిది ఇప్పుడు ఆ కళ్లలో ఉందని.

"చలికాలం నుంచి" అన్నాడు.

"పైవాలుకి వెళ్లేనాటికి?"

"అప్పటికే లేదు."

"పీపాలు షెడ్డులో ఉన్నన్నాళ్లూ నీకు తెలుసు."

"అనుమానం ఉంది."

"అనుమానం ఉంది" అని అతను ఆ మాటని తిరిగి అన్నాడు, గొట్టానికి చెవి ఆనించి విన్నప్పటిలా తల కొంచెం పక్కకి వంచి. తన చేతిని ఆయన ఒళ్లోంచి మెల్లిగా తీసుకున్నాడు. ముడి ఇంకా వేయలేదు, గుడ్డ కొస వేలాడుతోంది. దాన్ని పళ్లతో పట్టి బిగించుకోబోయాడు, వీలు కాలేదు. గుర్తులాయన చెయ్యి చాపితే మోచేత్తో పక్కకి జరిపాడు.

బస్సు వచ్చింది. జనం తలుపు దగ్గర మూగారు. అతను లేచి, ఒక అడుగు వేసి ఆగాడు.

"అక్కకి తెలుసా?"

గుర్తులాయన పెట్టె ఎత్తుతూ, "తెలియదు. దానికి ఇప్పటికీ తెలియదు" అన్నాడు.

ఆ ఒక్క మాటని అతను వెంటనే నమ్మాడు. తల ఊపి, పెట్టెని మెట్టు మీద పెట్టించుకుని, కాలితో లోపలికి తోసుకుంటూ వెళ్లాడు. కిటికీ పక్కన చోటు దొరికినా ఇటువైపు తిరగలేదు. కండక్టరు ముక్కు మూసుకుని టికెట్టు చింపడం బయటికి కనిపించింది. బస్సు వెళ్లిపోయాక దుమ్ము రోడ్డు మీద చాలాసేపు నిలబడిపోయింది.

గుర్తులాయన మిగిలిన రొట్టె పొట్లం కట్టుకున్నాడు. సోమవారం ఆయన మళ్లీ గుర్తులు వేయడానికి తూర్పు వాలుకి వెళ్లాలి. కొత్త బట్టీ మనిషి ఆదివారమే దిగుతాడట. కుర్రవాడు, పెళ్లయి ఏడాది. దిగక ముందే మేనేజరు అతనికి టేబులు కాలు కథ ఫోనులో చెప్పేశాడట.